తాళపుచెవుల పనివారు

బిట్‌కాయిన్ వాలెట్ అనగానే అందులో ధనముండునని తలంచువారు పెక్కుమంది కలరు. అందులో చిల్లిగవ్వయైన నుండదు. ధనమంతయు లోకమందలి వేలాది కంప్యూటర్లు కాపాడుచున్న ఉమ్మడి చిట్టాలోనే యుండును. ఆ చిట్టాలో మన పద్దును కదల్పగల 256 బిట్ల రహస్యసంఖ్య, అనగా ప్రైవేట్ కీ, మాత్రమే వాలెట్టునందుండును. బ్యాంకులో పొరపాటు జరిగినచో మేనేజరుగారికి అర్జీ పెట్టుకొనవచ్చును. ఇచ్చట అర్జీ పుచ్చుకొనువాడే లేడు. కనుకనే ఈ చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామును నిర్మించి, పరీక్షించి, పొట్లము గట్టి ప్రజల చేతికందించు విద్యను సాఫ్ట్‌వేర్ విద్యలన్నింటిలోను మిక్కిలి నిష్ఠ గోరునదిగా నేను గణింతును.

దీని చరిత్ర పొడవైనది కాదు. సతోషి నకమోటో అను మారుపేరుతో 2009 జనవరిలో వెలువడిన మొదటి ప్రోగ్రాము విండోస్‌పై మాత్రమే నడచెడిది. ఆ నకమోటో యెవరో నేటికిని తేలలేదు, తేల్చితిమనువారు మాత్రము ఏటేట పుట్టుచునే యున్నారు. ఆ ప్రోగ్రామే పెరిగి నేటి బిట్‌కాయిన్ కోర్ అయినది. 2011లో థామస్ వోగ్ట్‌లిన్ పైథాన్ భాషలో ఎలక్ట్రమ్‌ను వ్రాసి, చిట్టా మొత్తము దింపుకొనకయే సామాన్యుని కంప్యూటరులో తెరచుకొను వాలెట్టును లోకమునకిచ్చెను. నేను ఎలక్ట్రమ్ పక్షపాతినని మొదటనే మనవి చేయుచున్నాను.

పనితనము చూడదలచినవారు కీలన్నింటికిని మూలమైన పదముల వరుస, అనగా సీడ్, పుట్టు తీరును చూడవలెను. బిప్-39 అను ఒడంబడిక ప్రకారము ప్రోగ్రాము మొదట 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించి, దానినుండి లెక్కగట్టిన హాష్ అను ముద్రనుండి నాలుగు బిట్లు తెచ్చి చివర తగిలించి, ఆ 132 బిట్లను పదకొండేసి చొప్పున విడదీసి, 2048 ఆంగ్లపదముల పట్టికనుండి పన్నెండు పదములను ఏరి మన ముందుంచును. ఆ పట్టికలోని ప్రతి పదమును మొదటి నాలుగక్షరములతోనే తక్కిన వానినుండి వేరుపడును. పదములు వ్రాసికొన్న కాగితము తడిసి అక్షరములు చెదరినను పదమును గుర్తుపట్టవచ్చునన్నమాట. ఎలక్ట్రమ్ వారు అంతతో తృప్తి చెందక, పదముల హాష్ తొలి అంకెలే అది యే రకపు వాలెట్టుదో చెప్పవలెనని నియమము పెట్టుకొని, సరియైన అంకెలు వచ్చువరకు సంఖ్యను మార్చి మార్చి చూచునట్లు ప్రోగ్రామును కట్టిరి. ఏండ్లు గడచిన పిమ్మట పెట్టె అడుగున దొరకిన కాగితమును పట్టుకొని ‘ఇది దేనిది?’ అని తల బాదుకొనవలసిన పని లేదు. ఎంతటి ముందుచూపు!

అయితే ఆ మొదటి సంఖ్య నిజముగా యాదృచ్ఛికము కానిచో ఈ శిల్పమంతయు వ్యర్థము. 2013లో ఆండ్రాయిడ్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించు యంత్రాంగము చెడియుండుటవలన వాలెట్లనుండి సొమ్ము పోయినది. 2023లో బయటపడిన ‘మిల్క్ శాడ్’ లోపము మరింత సిగ్గుచేటు: లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అను ప్రోగ్రాములోని ఒక ఆజ్ఞ కేవలము 32 బిట్ల గడియారపు విలువతో సీడులను పుట్టించుచుండెను. అనగా అది పుట్టించగల సీడులన్నియు 430 కోట్లలోపే. మనకది పెద్ద సంఖ్యయే గాని, దొంగ కంప్యూటరుకు అది యొక లెక్క కాదు.

పైకపు లెక్కయు అట్టి జాగ్రత్తనే కోరును. బిట్‌కాయిన్‌ను దశాంశములతో లెక్కించువాడు ఈ పనికి తగడు. ఒక బిట్‌కాయినునకు పదికోట్ల సతోషీల చొప్పున సమస్తమును పూర్ణాంకములలోనే నడపవలెను. ఒకరికి కొంత పంపి, మిగిలినది తనకే తిరిగి వచ్చునట్లు చిల్లర చిరునామా చేర్చుట ప్రోగ్రాము మరచెనా, ఆ మిగిలినదంతయు రుసుము క్రింద, చిట్టాకు పద్దులు చేర్చు మైనర్ల పాలగును. అందుచేతనే మంచి పనివారు రెగ్‌టెస్ట్ అను ఏకాంతపు చిట్టాను తమ కంప్యూటరులోనే నడిపి, కావలసినపుడెల్ల పద్దుల కట్టలగు బ్లాకులు పుట్టించుకొని, నెట్టు తెగినపుడేమగునో, రుసుము చాలనపుడేమగునో పదేపదే చూచిన పిమ్మటగాని నిజమైన సొమ్ము జోలికి పోరు.

పరీక్షయన్నచో పీటర్ వుయిల్లె బృందము వారి ఘనతను చెప్పక తీరదు. వారు లావాదేవీలపై చేయు సంతకముల గణితమునకై లిబ్‌సెక్‌పి256కె1 అను లైబ్రరీని వ్రాయుచు, మామూలు యాదృచ్ఛిక సంఖ్యలతో తృప్తిపడక, సున్నలును ఒకట్లును పొడవైన వరుసలుగా వచ్చు సంఖ్యలను పనిగట్టుకొని పుట్టించి పరీక్షించిరి. తీరా దొరకిన తప్పు వారి కోడులోనిది కాదు! లోకమంతయు నమ్ముకొనియున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను లైబ్రరీ, పెద్దసంఖ్యల వర్గము కట్టుటలో మిక్కిలి అరుదుగా తప్పు చెప్పుచున్నదని 2014లో తేలెను.

ఇక పొట్లము గట్టు విద్య. ఒకే కోడును ఇద్దరు వేర్వేరు కంప్యూటర్లలో కంపైల్ చేసినచో ఫలితము సాధారణముగా ఒక్కటి కాదు. కంపైల్ చేసిన ఘడియ ఒకచోట, ఫోల్డరు పేరు మరొకచోట, ఫైళ్లు చేరిన వరుస ఇంకొకచోట దూరి బిట్లను మార్చివేయును. అట్టిచో మనము దింపుకొన్న ఇన్‌స్టాలరు, వారు చూపిన కోడునుండియే పుట్టినదని నమ్ముటెట్లు? కంపైలరే దొంగయైనచో కోడు చదివియు ప్రయోజనము లేదని కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ ఉపన్యాసమున చూపియే యుండెను. బిట్‌కాయిన్ కోర్ వారు మొదట గిటియన్ పద్ధతితోను, 2021లో వెలువడిన 22.0 నుండి గుయిక్స్‌తోను ఈ తేడాలన్నింటిని తుడిచివేసిరి. గడియారమును ఒకచోట నిలిపి, పనిముట్లను సైతము మూలమునుండి కట్టుకొని, ఒకరి ముఖమొకరు చూచియెరుగని పలువురు తమ తమ ఇండ్లలో ప్రోగ్రామును కట్టుదురు. షా-256 హాష్‌లోని 64 అక్షరములును తు.చ. తప్పక సరిపోయినచో దానిపై తమ సంతకములు చేసి ప్రకటింతురు. వేర్వేరు ఊళ్లలో నేసిన చీరలు పోగు పోగున ఒక్కటియే యైనవని చెప్పినచో మన నేతగాండ్రు నమ్ముదురా? ఇచ్చట ప్రతి విడుదలకును అదే జరుగుచున్నది.

ఇట్టి విద్య యొకప్రక్క నుండగా సంతలో నేడు చెల్లుచున్నదేమి? ఒక వెబ్‌పేజీని బ్రౌజరుతో సహా పెట్టెలో కుక్కి, ఎలక్ట్రాన్ అను పనిముట్టుతో చుట్టి, డెస్క్‌టాప్ వాలెట్టని ముద్ర వేసి అంటగట్టుచున్నారు. లోపల ఎన్‌పీఎమ్ అను ఉమ్మడి భాండారమునుండి దింపిన ప్యాకేజీలు గుట్టలు గుట్టలు; వానిని వ్రాసినదెవరో, నేడు చూచుకొనుచున్నదెవరో అమ్మువానికే తెలియదు. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అను ప్యాకేజీ పోషణ ఒక అపరిచితుని చేతికి పోగా, దానిద్వారా చేరిన విషము సూటిగా కోపే వాలెట్టు వాడువారి కీలను వెదకుకొనుచు పోయెను. ఇంత జరిగినను బుద్ధి వచ్చినదా? రంగులు హెచ్చినవి, బొమ్మలు హెచ్చినవి, పరీక్షలు మాత్రము హెచ్చలేదు.

నా ఎలక్ట్రమ్‌ను సైతము నకిలీలు విడువలేదు. ఆ 2018 చివరలోనే దుష్టసర్వర్లు లావాదేవీని త్రోసిపుచ్చి, క్రొత్త వెర్షన్ దింపుకొనుడను దొంగ సందేశమును లింకుతో సహా వాలెట్టు కిటికీలోనే చూపగా, నమ్మి దింపుకొన్నవారి సొమ్ము మాయమయ్యెను. సర్వరు పంపిన మాటను యథాతథముగా చూపుట ఎలక్ట్రమ్ తప్పే. దానిని వారు వెనువెంటనే దిద్దుకొనిరి. కాని దింపుకొన్న ఫైలుపై సంతకమును సరిచూచుకొనుటకు రెండు నిమిషములు వెచ్చించినచో ఆ నకిలీ నిలువజాలకపోయెడిది.

హైదరాబాదునందును, బెంగుళూరునందును, అమెరికాలోను పరుల కోడు వ్రాయుచు ప్రొద్దు పుచ్చుచున్న మన తెలుగు యువతీయువకులకు నా విన్నపమొకటి. ధరల పట్టికలు చూచుట కొంతసేపు మాని, బిట్‌కాయిన్ కోర్ మూలమును దింపుకొని గుయిక్స్‌తో మీరే కట్టి చూడుడు. లినక్స్ యంత్రము కావలెను, డిస్కులో చాల చోటు కావలెను, తొలిసారి గంటలకొలది పట్టును. వచ్చిన హాష్ తక్కినవారి హాష్‌తో సరిపోయినచో మీ సంతకమును వారి ప్రక్కన చేర్చుడు. సరిపోనిచో ఎచ్చట తేడా వచ్చినదో వెదకి వారికి తెలుపుడు. ఆ సంతకముల పట్టిక అందరికిని తెరచియే యున్నది, డిగ్రీ కాగితము అడుగువారెవరును లేరు.