పది గంటల పొద్దు లెక్క

ఆగస్టు ఆఖరుకి అమెరికాలో పెరటి తోట ఉన్న ఏ తెలుగింటికి వెళ్లినా వంటగది గట్టు మీద టమాటాలు వరసగా పేర్చి ఉంటాయి. పందిరి మీద బీర, సొర రోజూ దిగుతుంటాయి. గోంగూర ఇంటికి వాడుకుని నలుగురికి పంచినా తరగదు. ఈ కోతల హడావుడిలో తోట గురించి కొత్తగా ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? కానీ అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ నేల ఇంకా కూర ఇస్తుందా, బోసిగా పడి ఉంటుందా అన్నది తేలిపోయేది సరిగ్గా ఆ మూడు నాలుగు వారాల్లోనే. ఈ సంగతిని పట్టుకుని, దాన్ని కొలతలతో, తేదీలతో ఒక పనితనంగా తీర్చిన రైతు ఎలియట్ కోల్‌మన్. అమెరికాలో కూరగాయలు పండించే తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవలసిన మనిషి.

మెయిన్ రాష్ట్రంలో, అట్లాంటిక్ ఒడ్డున, హార్బర్‌సైడ్ దగ్గర ఉంది ఆయన ఫోర్ సీజన్ ఫార్మ్. 1968లో హెలెన్, స్కాట్ నియరింగ్ దంపతుల దగ్గర ఎకరం 33 డాలర్ల చొప్పున 60 ఎకరాలు కొన్నారు. పట్నం వదిలి సొంత కష్టం మీద బతికిన తీరును 1954లో ‘లివింగ్ ద గుడ్ లైఫ్’ అనే పుస్తకంగా రాసింది ఆ నియరింగ్‌లే. కోల్‌మన్ కొన్న నేల అప్పటికి పొలం కాదు. స్ప్రూస్, ఫర్ చెట్ల అడవి. కింద రాళ్లు, ఆమ్లం నిండిన మట్టి. చెట్లు కొట్టి, మొద్దులు పెకిలించి, రాళ్లు ఏరి, కంపోస్టూ సముద్రపు నాచూ వేసి ఏటికేడు నేలను తయారు చేసుకున్నారు. పూలతోటల మీద, వంట మీద పుస్తకాలు రాసిన బార్బరా డామ్‌రాష్ తర్వాతి రోజుల్లో ఆయన భార్యగా, పనిలో తోడుగా అక్కడికి వచ్చారు. సేద్యం చేసేది ఎకరంన్నర మాత్రమే. ఆ కాస్త నేలను చూసి నేర్చుకోవడానికి దేశమంతటి నుంచీ రైతులు వెళతారు.

ఆ నేర్చుకునేది ఏమిటో చెప్పాలంటే ముందు మన పల్లె లెక్క ఒకటి గుర్తు చేసుకోవాలి. మన రైతుకు పొద్దు ఎన్నడూ కరువు కాలేదు. హైదరాబాదులో ఏడాది మొత్తంలో అతి చిన్న రోజు, డిసెంబరు 21న కూడా పగలు 11 గంటల పైనే ఉంటుంది. మనకు కరువైతే వానే కరువు. అందుకే మన కార్తెల లెక్కంతా వాన చుట్టూ తిరుగుతుంది. రోహిణిలో ఏం చేయాలి, మృగశిరలో ఏం విత్తాలి, మఖలో పడకపోతే పుబ్బలోనైనా పడుతుందా అని ఆకాశం కేసి చూడటం మనకు అలవాటు. ఈ అలవాటుతో అమెరికా వచ్చినవాళ్లం చలికాలం అనగానే చలి ఒక్కటే శత్రువనుకుంటాం. ప్లాస్టిక్ కప్పేస్తే, కుండీ లోపలికి తెచ్చేస్తే మొక్క పెరుగుతుందనుకుంటాం. అది బతుకుతుంది గానీ పెరగదు. ఎందుకు పెరగదో కోల్‌మన్ పట్టుకున్నారు.

పగలు పది గంటలకన్నా తగ్గిందంటే ఆకుకూరలైనా, దుంపలైనా ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. ఎంత వెచ్చగా కప్పినా అంతే. హార్బర్‌సైడ్ 44 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ పొద్దు పది గంటల కిందికి జారేది నవంబరు మొదటి వారంలో. మళ్లీ పైకి వచ్చేది ఫిబ్రవరి మొదటి వారంలో. ఈ మూడు నెలలకు ఆయన గ్రీకు పురాణం నుంచి ‘పెర్సెఫొనీ నెలలు’ అని పేరు తెచ్చి పెట్టారు. పంటల దేవత డిమీటర్ కూతురిని పాతాళానికి ఎత్తుకుపోతే, తల్లి దుఃఖంతో భూమి మీద ఏదీ పండనివ్వదు. ఆ కథలోని అమ్మాయి పేరది. మెయిన్‌లో డిసెంబరు చూసినవాళ్లకి పేరు సరిగ్గా కుదిరిందనిపిస్తుంది.

కోల్‌మన్ గొప్పతనం ఈ మూడు నెలలతో పోట్లాడకపోవడంలో ఉంది. దీపాలు పెట్టి పొద్దు పెంచడం, హీటర్లు పెట్టి గాలి వేడెక్కించడం పెద్ద కంపెనీలు చేసే పని, డబ్బుతో అయ్యే పని. ఆయన చేసింది లెక్క మార్చడం. ఎదుగుదలంతా నవంబరుకు ముందే అయిపోవాలి. చలికాలంలో తోటలో జరగాల్సింది నిలవ ఒక్కటే. ముప్పాతిక వంతు ఎదిగిన పాలకూర నవంబరులో నేల మీదే ఆగి, కావలసినప్పుడల్లా కోసుకోవడానికి తాజాగా ఉంటుంది. అప్పుడు తోటే గాదె అవుతుంది. 1995లో ఆయన ఈ పద్ధతిని వ్యాపారంగా మొదలుపెట్టి, అందరూ అమ్మే వేసవిని వదిలేసి అక్టోబరు నుంచి మే దాకా అమ్మారు.

ఈ లెక్క ఎంత సున్నితమైనదో సెప్టెంబరులో తెలుస్తుంది. మే నెలలో ఒక వారం ఆలస్యంగా విత్తితే కోత వారం కూడా వెనక్కి పోదు, పెరిగే పొద్దు ఆ లోటును పూడ్చేస్తుంది. సెప్టెంబరులో రోజురోజుకీ వెలుతురు తగ్గుతుంది గనక నాలుగు రోజుల జాప్యం కోత దగ్గరికి వచ్చేసరికి వారాలవుతుంది. సెప్టెంబరు మొదట్లో విత్తిన పాలకూర అక్టోబరులో చేతికి వస్తుంది. ఆఖర్లో విత్తింది నవంబరు గీత దగ్గర చిన్న మొక్కగా ఆగిపోయి ఫిబ్రవరి దాకా అలాగే కూర్చుంటుంది. కోల్‌మన్ దీన్ని తనకు అనుకూలంగా తిప్పుకున్నారు. కొద్ది రోజుల ఎడంతో దఫాలు దఫాలుగా విత్తితే కోతలు శీతాకాలమంతా దూరం దూరంగా పరుచుకుంటాయి. ఆఖరి దఫా మొక్కలు చిన్నవిగా చలి దాటి, పొద్దు పెరగగానే వసంతానికి అందరికన్నా ముందు లేస్తాయి. ఆయన ‘ద వింటర్ హార్వెస్ట్ హ్యాండ్‌బుక్’ 2009లో వచ్చింది. అందులో విత్తే తేదీల గురించి రాసిన భాగాలే నాకు అన్నిటికన్నా విలువైనవి. మిగతా తోటల పుస్తకాలు ‘వేసవి చివర్లో’ అని వదిలేసే చోట ఈయన తేదీ వేస్తారు.

తేదీ తెలిసింది సరే. మరి నేల ఏది? ఆగస్టు, సెప్టెంబరుల్లో మంచి నేలంతా వేసవి పంట కిందే ఉంటుంది. గ్రీన్‌హౌస్‌లో టమాటా తీగలు తాళ్ల మీద నిండా కాస్తుంటాయి. శీతాకాలం పాలకూరకు సెప్టెంబరులోనే ఆ చోటు కావాలి. టమాటా పీకేస్తే చేతికొచ్చే కాయ పోతుంది. ఉంచితే పాలకూరకు అదను పోతుంది. ఏటా ఈ చిక్కులో పడని పెరటి తోట ఉండదు. దీనికి కోల్‌మన్ చూపిన విరుగుడు నేలను అలాగే ఉంచి ఇంటిని కదపడం.

ఆ కదిలే ఇల్లు ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి. గ్రీన్‌హౌస్ చట్రం అడుగున చక్రాలు, నేల మీద పైపులతో వేసిన పట్టాలు. పట్టాల పొడవు ఇంటి పొడవుకు రెండింతలు. అంటే ఒక ఇంటికి రెండు మడులు. వేసవిలో ఇల్లు మొదటి మడి మీద, లోపల టమాటా. పక్కన ఆరుబయట ఉన్న రెండో మడిలో ఆగస్టు, సెప్టెంబరుల్లో క్యారెట్, పాలకూర, తదితర ఆకుకూరలు విత్తుతారు. అప్పటికి వాటికి కప్పు అవసరం లేదు, ఎండా వానా నేరుగా పడాలి. అక్టోబరులో టమాటా పని అయిపోతుంది, రాత్రులు చల్లబడతాయి. అప్పుడు ఇంటి రెండు చివరల గోడల కింది భాగాన్ని, మడత బందుల మీద ఉంటుంది గనక, పైకెత్తి కడతారు. కొద్దిమంది మనుషులు చేతులతో తోస్తే ఇల్లు పట్టాల మీద జరుగుతూ, ఎదిగిన ఆకుల మీదుగా ఒక్క మొక్కనూ తాకకుండా వెళ్లి రెండో మడి మీద ఆగుతుంది. గోడలు దించేస్తారు. వేసవి పంట తన ఆఖరి కాయ దాకా కాసింది, శీతాకాలం పంట తన అదనులో మొలిచింది. వదిలేసిన మొదటి మడి మీద చలికాలమంతా మంచు, వాన పడి, కప్పు కింద పేరుకునే ఉప్పులూ చీడలూ కడుక్కుపోతాయి. ఇళ్లను పట్టాల మీద జరపడం యూరప్ తోటమాలులు ఎప్పుడో చేసిన పనే, అది తన కల్పన అని కోల్‌మన్ చెప్పుకోలేదు. ఒక ఎకరంన్నర రైతు కొనగలిగేంత తేలిక చేయడం మాత్రం ఆయన చేతి పని.

యూరప్ దగ్గర ఆయన అప్పు ఇంకా ఉంది. 1996 జనవరిలో ఆయన, బార్బరా ఫ్రాన్సులో 44వ అక్షాంశం వెంబడి ప్రయాణం చేశారు. పొద్దు సరిగ్గా మెయిన్‌లో ఉన్నంతే ఉండే పల్లెల్లో, జనవరిలో, తోటలు పచ్చగా ఉన్నాయి. మాష్ లాంటి చిన్నాకు కూరలు సంతలో అమ్ముతున్నారు. వెలుతురు ఒకటే అయినప్పుడు తేడా చలిలోనే ఉందని, దాన్ని కప్పుతో దాటవచ్చని అక్కడ రుజువైంది. అంతకు ముందు పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్ చుట్టుపక్కల తోటమాలులు గుర్రపు పేడ వేడి మీద, గాజు గంటల కింద నడి చలిలో పాలకూర, లెట్యూస్ పండించి నగరానికి తినిపించేవారు. వాళ్ల గురించి కోల్‌మన్ రాసిన పేజీల్లో శిష్యుడి వినయం కనిపిస్తుంది.

కప్పు విషయంలోనూ ఆయనది కొలత మనిషి పనే. ఒక పొర కప్పితే మొక్కను 500 మైళ్లు దక్షిణానికి జరిపినట్టు, దాని లోపల రెండో పొర వేస్తే మరో 500 మైళ్లు. పైపొర వేడి పెట్టని గ్రీన్‌హౌస్. లోపలి పొర పలచటి తెల్ల గుడ్డ లాంటిది. దాన్ని వంచిన ఇనుప కమ్మీల మీద, నేలకు అడుగు ఎత్తున పరుస్తారు. ఆకును తాకితే అక్కడ గడ్డకట్టి అంటుకుంటుంది గనక ఆ అడుగు ఎడం తప్పనిసరి. జనవరి తెల్లవారుజామున లోపల పాలకూర ఆకులు గట్టిపడి, నేలకు వాలిపోయి, పంట పోయిందనిపించేలా ఉంటాయి. అప్పుడు చెయ్యి వేయకూడదు, వేస్తే ఆకు నల్లబడుతుంది. పొద్దెక్కి లోపల కాస్త వెచ్చబడేదాకా ఆగాలి. కాసేపటికి ఆకులు వదులై, ఒక్కొక్కటే లేచి నిలబడతాయి. అప్పుడు కోత. చలికి తట్టుకోవడానికి మొక్క ఆకులోనూ దుంపలోనూ చక్కెర పెంచుకుంటుంది, ఆ చక్కెరే మనకు రుచి. ఆగస్టు ఒకటో తేదీ ప్రాంతంలో విత్తి, చలి తగిలేదాకా నేలలోనే ఉంచి తవ్విన ఆయన క్యారెట్లకు పిల్లలు మిఠాయి క్యారెట్లని పేరు పెట్టుకున్నారు.

పనిముట్లలో కూడా ఇదే చూపు. మళ్లు 30 అంగుళాల వెడల్పు, మధ్య బాట 12 అంగుళాలు. కాళ్లు చెరోవైపు వేసి నిలబడి మడి మధ్య దాకా చేతులు చాచగలిగే కొలత ఇది. ఒక్కసారి నెడితే ఆరు సాళ్లు విత్తే చిన్న గొర్రు, నడుం వంచకుండా నిటారుగా నిలబడి కలుపు తీసే సన్నటి దంతె, బ్యాటరీ డ్రిల్లు తగిలించి పై రెండంగుళాల మట్టిని మాత్రమే గుల్లచేసే టిల్తర్ ఆయన ఆలోచనలే. 1973లో మొదలైన, ఇప్పుడు మెయిన్‌లోనే ఉన్న జానీస్ సెలెక్టెడ్ సీడ్స్ కంపెనీ వీటిని అమ్ముతుంది. టమాటా తీసేసిన పూటే మడి విత్తుకు సిద్ధం కావాలంటే ఇలాంటి పనిముట్లే కావాలి. అదను పోకుండా కాపాడేవి అవే.

ఇప్పుడు మన పెరటికి వద్దాం. న్యూజెర్సీలో పొద్దు పది గంటలకు తగ్గేది నవంబరు రెండో వారంలో. పాలకూర 45 రోజుల పంట అని విత్తనాల పొట్లం మీద ఉంటే, తగ్గే వెలుతురుకు మరో 14 రోజులు కలపాలి, మొత్తం 59. నవంబరు 10 నుంచి వెనక్కి లెక్కిస్తే సెప్టెంబరు 12. అది ఆఖరి గడువు. మెంతికూర, ముల్లంగి అంతకన్నా త్వరగా వస్తాయి గనక ఇంకాస్త ఆగవచ్చు. కొత్తిమీర వేసవిలో వారాల్లో పూతకు పోతుంది, ఈ అదనులో వేసిందే నిలబడి ఆకు ఇస్తుంది. చిక్కు ఒకటుంది. సెప్టెంబరు మొదట్లో మట్టి ఇంకా వేడిగా ఉంటే పాలకూర సరిగా మొలవదు, 85 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే విత్తనం మొండికేస్తుంది. బీర పందిరి నీడలో విత్తడం, తడిపిన సాలు మీద మొలక కనబడేదాకా చెక్క కప్పి ఉంచడం, ధనియాలు రెండుగా నలిపి రాత్రి నానబెట్టడం ఇందుకు చేసే పనులు. ఇక టమాటా తీగలకు ఆగస్టు నడిమిలోనే చివుళ్లు తుంచేస్తే, మొక్క కొత్త పూత మాని ఉన్న కాయను పండిస్తుంది.

పొద్దు లెక్క తెలిస్తే చిక్కుడు బాధ కూడా అర్థమవుతుంది. మన ఊరి తీగ చిక్కుడు పగలు తగ్గితే గానీ పూయదు. అక్కడది సంక్రాంతికి కాసే మొక్క. న్యూజెర్సీ పెరట్లో అది ఆగస్టంతా కంచె నిండా అల్లుకుని, సెప్టెంబరులో పూత పట్టి, కాయ ముదిరే వేళకు అక్టోబరు మంచుకు మాడిపోతుంది. ఎరువు తక్కువైందని, నీళ్లు ఎక్కువయ్యాయని ఎవరూ తమను తాము నిందించుకోనక్కర్లేదు. పొద్దుతో నిమిత్తం లేకుండా పూసే పొట్టి రకం వేసుకుంటే చాలు.

డాలస్‌లో ఉన్నవాళ్లకు కోల్‌మన్ తేదీలు పనికిరావు, పద్ధతి పనికొస్తుంది. అక్కడ ఏడాదిలో అతి చిన్న పగలు ఇంచుమించు పది గంటలు. అంటే ఎదుగుదల ఆగే కాలం దాదాపు లేనే లేదు. పాలకూర, మెంతి, కొత్తిమీర చలికాలమంతా పెరుగుతూనే ఉంటాయి. గడ్డకట్టే రాత్రుల్లో మాత్రం గుడ్డ కప్పితే సరిపోతుంది. అడ్డుపడేది సెప్టెంబరు ఎండ. కాబట్టి అక్కడ ఆకుకూర విత్తు అక్టోబరుకు జరుగుతుంది, శీతాకాలానికి ముందు కాయాల్సిన రెండో దఫా టమాటా నారు జులై మంటల్లోనే, నీడ కట్టి నాటుకోవాల్సి వస్తుంది.