అతుకు కనబడని రేకు

రంగు పడ్డాక టింకరింగ్ పని బాగోగులు తేల్చడం కష్టం. లప్పం కింద ఎన్ని పాపాలైనా దాగుతాయి. మేస్త్రి పనితనం చూడాలంటే బండి సగం పనిలో, సీట్లు విప్పి, మ్యాట్లు లాగేసి, అడుగు రేకు బయటపడి ఉన్నప్పుడే వెళ్ళాలి. కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ శివార్లలో రోడ్డు వారన వేసుకున్న షెడ్లలో ఈ పని ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటుంది. ప్రైవేటు బండికి 15 ఏళ్ళు నిండితే ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. చాలామంది ఓనర్లకు జంగు సంగతి గుర్తొచ్చేది అప్పుడే.

సముద్రం ఊసే లేని ఊళ్ళలో జంగేమిటి అనిపిస్తుంది. విశాఖ ఉప్పుగాలితో పోలిస్తే ఇక్కడి గాలి నయమే. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆదిలాబాద్ అడవుల వైపు పడే వాన తక్కువేమీ కాదు. ఉట్నూరు, జైనూరు దారుల్లో తిరిగే జీపుల మడ్‌గార్డుల లోపల మట్టి గడ్డకట్టి, వాన వెలిసిన చాలా రోజులకు కూడా తడి వదలదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బండ్లకు బొగ్గు పొడి అదనం. రేకు మడతల్లోకి చేరి తేమను పట్టి ఉంచుతుంది. మిగతా పని తేమ, గాలి కలిసి చేసుకుంటాయి.

జీపుకు కింద వేరే ఛాసీ ఉంటుంది, పై రేకు చిల్లులు పడ్డా బండి నడుస్తుంది. దాని రేకులు కూడా చదునుగా ఉంటాయి కాబట్టి అతుకు వేయడం తేలిక. మేస్త్రికి అసలు పరీక్ష అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చుతో 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగింది. దానికి విడిగా ఛాసీ లేదు, బాడీయే బరువు మోస్తుంది. డోర్ల కింద పెట్టెలా సాగే గడప భాగం పుచ్చిపోతే అది అందానికి సంబంధించిన విషయం కాదు, బండి నడుమే సడలుతుంది. అక్కడ ఫైబర్ ముక్క అంటించి పైన లప్పం పూసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పనిని నేను పని అనను.

మంచి మేస్త్రి ముందు గీకడు. వేలితో నొక్కుతాడు. రంగు కింద చిన్న బొబ్బ లేచిందంటే లోపల ఇనుము తుప్పుగా మారి, తాను ఉన్నదానికంటే ఎక్కువ చోటు ఆక్రమించి, రంగును పైకి నెట్టిందని అర్థం. అంటే పైకి కనిపించేది రూపాయంత, లోపల అరచేయంత. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతాడు. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన చోట శబ్దం చచ్చిపోతుంది. చాక్‌పీసుతో గీసే గీత ఆ చచ్చిన చోటికి రెండు వేళ్ళు అవతల ఉంటుంది. ఇదంతా అయ్యాక సన్నని తీగ తీసి డోరు అడుగున ఉండే నీటి రంధ్రాల్లో పొడుస్తాడు. అద్దం రబ్బరు సందున దిగిన నీళ్ళు బయటికి పోవడానికి కంపెనీ పెట్టిన దారులవి. మన్నుతో మూసుకుపోయి ఉంటాయి. "నీళ్ళు యాడికెళ్ళి దిగుతున్నయో చూడకుంటె ఎన్నిసార్లు అతుకేసినా గంతే సార్" అన్నాడో మేస్త్రి. తుప్పును గాక నీటిని వెతికే మనిషిని అక్కడే నమ్మాను.

గీకడంలోనూ నిగ్రహం ఉంది. గ్రైండరు ఆనించి అదిమితే నిమిషంలో మెరుస్తుంది, కానీ రేకు వేడెక్కి పలచబడుతుంది. చేయి తేలిగ్గా ఆడించి, పొరలు లేచేదాకా తీసి, ఆపైన వైరు బ్రష్షు, 80 నంబరు ఎమరీ పట్టాలి. అయినా గుంటల్లో నల్లటి చుక్కలు మిగులుతాయి. వాటి మీద ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న మందు పూస్తారు. తుప్పు కాసేపటికి నల్లబడి, రేకును అంటిపెట్టుకునే ఫాస్ఫేటు పొరగా మారుతుంది. మరో రకం మందులో ఉండేది టానిన్. ఆదిలాబాద్ అడవుల్లో ఏరే కరక్కాయ నిండా ఉన్నది ఆ టానినే. కలంకారీలో నల్లరంగు పుట్టేది కూడా కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప నీళ్ళు తగిలినప్పుడు. అక్కడ బట్టకు రంగునిచ్చే ఆ కలయికే ఇక్కడ రేకుకు కాపలా. అయితే మందుకు మహిమలేమీ లేవు. పొలుసులు రాలే తుప్పు మీద పూస్తే పొలుసుతో పాటే రాలుతుంది.

చిల్లు పడ్డ చోట కోతే. చుట్టూ మెరిసే ఇనుము వచ్చేదాకా కోసి, అదే మందం రేకు, దాదాపు 20 గేజి, కత్తిరిస్తారు. మూలలు గుండ్రంగా తిప్పుతారు, పదును మూల దగ్గర చీలిక మొదలవుతుందని. ఇక వెల్డింగు. ఒక కొస నుంచి మరో కొసకు ఏకబిగిన లాగితే వేడికి రేకు వంకర తిరుగుతుంది. అందుకే ఇక్కడో చుక్క, ఎదుటి పక్కనో చుక్క, మధ్యలో తడిగుడ్డ. గ్యాస్ మంటకు బదులు సీఓటూ వెల్డింగు వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది. గడప కోసేటప్పుడైతే ముందే కారు అడుగున జాకీలు ఎక్కించి బరువు ఆపుతారు. నాలుగు చుక్కలకోసారి డోరు వేసి తీసి చూస్తాడు మేస్త్రి. సందు ఒక్క నూలు తేడా వచ్చినా ఆపి సరిచేస్తాడు. పొరుగు కుర్రాడు నవ్వుకునేంత చాదస్తంగా ఉంటుంది ఆ వేసి తీయడం. తరవాత వెనక ఇనుప దిమ్మె ఆనించి, ముందు నుంచి చిన్న సుత్తెతో తట్టి చదును చేస్తే అతుకు చేతికి తగలదు. లప్పం అవసరం అప్పటికి గోరంతే.

ఆ గోరంతలోనే చాలా షెడ్లు పప్పులో కాలేస్తాయి. బాడీ లప్పం నీళ్ళు పీలుస్తుంది. ఒట్టి రేకు మీద లప్పం పెట్టి, మగ్గుతో నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్ రుద్దితే, ఆ తడి రేకు దాకా దిగి, కొత్త రంగు కిందే కొత్త జంగు మొదలవుతుంది. తెలిసినవాడు ముందు ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, దాని మీద లప్పం పెట్టి, పొడిగానే రుద్దుతాడు. దుమ్ము ముక్కులోకి పోతుంది, మాస్కులు పెట్టుకునేవాళ్ళు బహు తక్కువ. పాత రంగుల్లో సీసం ఉండేదని కూడా చాలామందికి చెప్పినవాళ్ళు లేరు. ఈ పనిలో నాకు నచ్చని భాగం ఇదొక్కటే, పనివాడిది తప్పు కాకపోయినా.

శుభ్రం చేసిన రేకును వానాకాలంలో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి లేత నారింజ పొర కడుతుంది. ప్రైమర్ ఆ పూటే పడాలి. రంగుకూ వాతావరణం గండమే. మే నెల మధ్యాహ్నం ఇక్కడి ఎండ 45 డిగ్రీలు దాటుతుంటే గన్‌లోంచి వచ్చిన తుంపర రేకు మీద పడేలోపే ఆరి గరుకు తేలుతుంది, కాబట్టి పొద్దున్నే కొడతారు. ముసురులో డ్యూకో రంగు పాలు కలిసినట్టు తెల్లబారుతుంది. డ్యూకో అంటే 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన, రోజుల తరబడి కాక గంటల్లో ఆరే రంగు. నిర్మల్ చిత్రకారులు నల్లటి పలక మీద బంగారు బొమ్మలు తేల్చేదీ ఆ డ్యూకోతోనే. షెడ్డులో స్ప్రే గన్ పట్టిన మనిషికి, నిర్మల్‌లో కుంచె పట్టిన మనిషికి ఒకే డబ్బా.

పూర్తయిన బండి అప్పజెప్పేటప్పుడు ఓనరు ముందుగా బానెట్ మీద తన మొహం చూసుకుంటాడు. నేనైతే చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళి గడప వెంబడి జరిపి చూస్తాను. లప్పం మందంగా ఉన్న చోట అది జారిపోతుంది. ఆ మేస్త్రి దగ్గర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అంటుకునే వచ్చింది. ఆయన నా అయస్కాంతాన్ని పట్టించుకోలేదు. రంగు పడి మూసుకుపోయిన నీటి రంధ్రాలను ఒక్కొక్కటే తీగతో తెరుస్తూ, ఓనరుకు చెబుతున్నాడు: "వానలు ఎల్లిపోంగనే కింద నీళ్ళు కొట్టించుండ్రి సార్. మీదికెళ్ళి రోజూ తుడిస్తె ఏం లాభం?"