తేదీ లేని విశ్వాసం

సాక్ష్యం చెప్పమంటే నాకు ఇబ్బందే. కాకినాడ వైపు మా బంధువుల ఇళ్లలో ప్రార్థన కూటం పెడితే ఎవరో ఒకరు లేచి తాగుడు మానేసిన రోజు గురించో, డాక్టర్లు పెదవి విరిచిన రాత్రి గురించో, రైలు పట్టాల దాకా వెళ్లి వెనక్కి వచ్చేసిన సంగతో చెబుతారు. వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లు చెప్పేది నిజమేనని నమ్ముతాను కూడా. ఆ తర్వాత మైకు నా దగ్గరికి వస్తుంది. "మీరెప్పుడు రక్షణ పొందారండీ?" అంటారు. నాకు చెప్పుకోవడానికి తేదీ లేదు. యానాంలో పుట్టాను, నెలల పిల్లగా ఉండగానే జ్ఞానస్నానం ఇప్పించారు, అప్పట్నుంచీ ఇందులోనే ఉన్నాను. ఆ మాట చెప్పి కూర్చుంటే చుట్టూ ఉన్న మొహాల్లో కాస్త జాలి కనిపిస్తుంది.

వాళ్లని అనడానికేం లేదు. మలుపున్న కథంటే మనందరికీ ఇష్టమే. క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి గురించి చెప్పేటప్పుడు 1833లో కటక్‌లో ఆయన బాప్తిస్మం తీసుకున్న సంగతి దగ్గర అందరం ఆగుతాం. ఈ మలుపులన్నిటికీ మూలపురుషుడు దమస్కు దారిలో వెలుగు చూసి నేలమీద పడ్డ పౌలు. అయితే అదే పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో ఆ కుర్రాడి విశ్వాసాన్ని మెచ్చుకుంటూ అమ్మమ్మ లోయినీ, తల్లి యునీకేనీ పేరుపెట్టి తలుచుకుంటాడు. పసితనం నుంచీ నీకు లేఖనాలు తెలుసు కదా అంటాడు. నువ్వెప్పుడు మారావని మాత్రం అడగడు. ఈ సంగతి మీద ప్రసంగం చేసినవాళ్లని నేను పెద్దగా చూడలేదు.

మా యానాం గుడి సెయింట్ ఆన్స్ చర్చి. 1846లో కట్టడం పూర్తయింది. ఆన్ అంటే మన అన్నమ్మ, మరియమ్మకు తల్లి, ఏసుకు అమ్మమ్మ. నాలుగు సువార్తల్లోనూ ఆవిడ పేరు ఒక్కచోట కూడా రాదు. ఒక్క అద్భుతమైనా చేసినట్టు అక్కడ రాయలేదు. అయినా జులై 26న ఆవిడకు పండగ చేస్తాం.

మా ఇంట్లో అన్నమ్మ పాత్ర మా మామ్మది. దీపాలు పెట్టే వేళకు అరుగు మీద చాప పరిచేది. పిల్లలం కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చోవాలి. ఆవిడ జపమాల నల్ల చెక్కపూసలది. మూడో పదిలో ఒక పూస పగిలిపోతే దాని చోట తెల్ల దారంతో ముడి వేసింది. కరెంటు పోయినా వేలికి ఆ ముడి తగిలిందంటే సగం అయిపోయిందని తెలిసేది. యాభై మూడు మంగళవార్త జపాల్లో ఎన్ని నిద్రలో చెప్పామో మాకే తెలీదు. నిద్రపోతే ఏమీ అనేది కాదు గానీ నోరు ఆగిందో, మోచేత్తో పొడిచేది. ఏ జపానికి ఏం అర్థమో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకు ఎంతవరకు తెలుసో కూడా నాకు అనుమానమే.

నాన్న పోయినప్పుడు ఆస్పత్రి వరండాలో నాకు ప్రార్థన చేయాలని కూడా తోచలేదు. పక్కన కూర్చున్న మా వదిన నా చేయి పట్టుకుని ఆపింది. అప్పటికి నేను కొంగు అంచు పట్టుకుని వేళ్లతో లెక్కపెడుతున్నానట. పదికి ఒకసారి ఆగి, మళ్లీ మొదలుపెట్టి.

ఉద్యోగం పేరుతో యానాం నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే ప్రయాణం చేసి పుదుచ్చేరి వచ్చి స్థిరపడ్డాక, ఈ ఊరివాడే అనదగ్గ ఒకాయన రాతల గురించి తెలుసుకున్నాను. ఫాదర్ గాస్తోన్ కెర్దూ అనే ఫ్రెంచి జెస్విట్. తెలుగు క్షుణ్ణంగా నేర్చుకుని నిఘంటువు కూర్చాడు. 1779లో ఇక్కడే చనిపోయాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ చుట్టరికం ఉందని 1767లోనే రాసి పంపినందుకు పండితులు ఆయన పేరు చెప్పుకుంటారు. నాకు మాత్రం 1742లో రాసిన ఉత్తరం మీదే మనసు. కొత్తగా క్రైస్తవులైన అద్దకంవాళ్లని అడిగి తెలుసుకుని, మన కలంకారీ బట్టకు రంగు ఎలా ఎక్కిస్తారో యూరప్‌కు పూసగుచ్చినట్టు రాశాడు. బట్టను ముందు కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెట్టాలి, పిండి ఎండలో ఆరేయాలి. పటిక నీళ్లతో గీత గీయాలి. ఆ తర్వాతే ఎర్రరంగునిచ్చే చిరివేరు కాగులో మరిగించడం. పాలలో నానినప్పుడు బట్టమీద చూడ్డానికి బొమ్మంటూ ఏమీ ఉండదు. ఎరుపు కాగులోంచి బయటికి వచ్చినప్పుడే కనిపిస్తుంది, కానీ ముందు నానబెట్టని బట్టకు అది నిలవదు. మామ్మ చాప మీద జరిగింది ఆ పాల పనే అని నాకనిపిస్తుంది.

తెలుగు నేల మీద కూడా అలాగే జరిగింది. 1773లో పోపు జెస్విట్ సభనే రద్దు చేశాడు. పాండిచ్చేరి నుంచి నడిచే కర్ణాటక మిషన్ 1776లో పారిస్ మిషనరీల చేతికి వచ్చింది. దాని కిందున్న తెలుగు పల్లెలకు గురువులు ఎప్పుడో గాని వచ్చేవారు కాదు. పూజ లేదు, పాపసంకీర్తనం లేదు. ఉపదేశులూ, ఇళ్లలో ముసలమ్మలూ చెప్పించిన జపాలే మిగిలాయి. ఆ రోజుల గురించి చెప్పుకోదగ్గ సాక్ష్యాలు పెద్దగా లేవు. విశ్వాసం మాత్రం మనవల దాకా వచ్చింది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మోసం చేసినట్టే. అర్థం తెలియకముందే ఒంట్లోకి దిగేవాటిలో జపం ఒక్కటే ఉండదు. అప్పట్లో ఇక్కడ ఫ్రెంచివాళ్ల దగ్గర పనిచేసిన ఆనందరంగ పిళ్లై తన దినచర్యలో 1745 నాటి సంగతి ఒకటి రాశాడు. పాండిచ్చేరి చర్చిలో దళిత క్రైస్తవులను వేరుచేస్తూ ఒక గోడ ఉండేది. వాళ్లు పోయి అడిగితే గురువులు దాన్ని తీయించారు. పై కులాల క్రైస్తవులు గొడవకు దిగారు. వాళ్లు కొత్తగా మతంలోకి వచ్చినవాళ్లేమీ కాదు. చిన్నప్పట్నుంచీ జపాలు చెప్పినవాళ్లే, గోడనూ చిన్నప్పట్నుంచీ చూసినవాళ్లే. ఆ కాలంలో మా వాళ్లు ఇక్కడ ఉండి ఉంటే ఆ గోడకు ఏ పక్కన కూర్చునేవాళ్లో వేరే చెప్పక్కర్లేదు. అందుకే, నెమ్మదైన విశ్వాసం గొప్పదని ఎంత వాదించినా, నెమ్మదిగా ఉంది కాబట్టి మంచిదే అని మాత్రం నేను అనను.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. జపం సగం తమిళంలో, సగం తెలుగులో చెబుతుంది. మిషన్ వీధిలో కెథెడ్రల్ నుంచి వస్తూ ఒక ఆదివారం ఈ గోడ కథ దానికి చెప్పాను.

"ఇప్పుడా గోడ ఎక్కడుందమ్మా?" అంది.

"అప్పటి చర్చే లేదు తల్లీ. 1761లో ఇంగ్లిష్‌వాళ్లు కూల్చేశారు. ఇది 1791లో పూర్తయింది" అన్నాను.

"చర్చి కాదు, గోడ గురించి అడిగాను" అంది.

తిరుచ్చి మేలపుదూర్‌లో క్రైస్తవుల శ్మశానం మధ్యన అలాగే కట్టిన గోడ గురించి చెప్పాల్సి వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. ఆ సాయంత్రం మా ఇంట్లో జపం చాలా ఆలస్యమైంది.