‘దివాస్వప్నము’: ఒక విమర్శ

గిజూభాయి బధేకా (1885–1939) న్యాయవాదవృత్తిని విడిచి బాలవిద్యకు జీవితము నర్పించిన మహనీయుడు. 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పెను. గుజరాతీభాషలో ఆయన రచించిన ‘దివాస్వప్నము’ కల్పితకథయే. కాని యందలి చిక్కులు నేటి పాఠశాలలకును క్రొత్తవి కావు.

ఒక యువకుడు విద్యాధికారిని దర్శించి, నాలుగవ తరగతిని ఒక యేడాది తనకు అప్పగింపుమని కోరును. మొదటినాడే అతడు తలపెట్టిన మౌనక్రీడ అల్లరిపాలగును. అతడు పిల్లలను దండింపడు. తన పథకమునే మార్చుకొని కథలు చెప్ప మొదలిడును. కథలవలన శ్రద్ధయు, శ్రద్ధవలన చదువును కలుగును. లోపమును బాలునియందు గాక బోధనయందు వెదకుటయే ఈ గ్రంథమునకు ప్రాణమని మా యభిప్రాయము.

చదువరులు సామాన్యముగా ఈ యువకునే మెచ్చుకొందురు. మేము అధికారినిగూడ మెచ్చుకొనుచున్నాము. పూర్తి నమ్మకము లేకున్నను అతడు తరగతి నిచ్చెను, గడువు నిచ్చెను, ఫలితమును మాత్రము చూపుమనెను. ఆజ్ఞాపత్రములు పంపుటకంటె ఇట్టి యవకాశము కల్పించుట కష్టతరమైన నాయకత్వము.

గ్రంథమున నొక కొఱత కలదు. తోడి ఉపాధ్యాయులు పెక్కుచోట్ల సంశయాత్ములుగనే కనబడుదురు. చాలని జీతము, క్రిక్కిఱిసిన తరగతి, పరీక్షాభయము గల ఉపాధ్యాయుని సంశయము కేవలము సోమరితనము కాదు. వానిని కలుపుకొనని సంస్కరణము ఒక గది దాటి పోజాలదు.

తల్లిదండ్రులును ఈ పుస్తకమును చదువవలెను. ఇంట మార్కులను మాత్రమే అడుగుచుండగా, బడిలో ఏ యధికారి మాత్రము ఏడాది గడువీయగలడు?