కుమ్మరి పురుగు కాపురం

ఎల్లారెడ్డి నుంచి అమ్మ ఫోను. "పొయ్యి మంట ఎర్రగొస్తుంది రా. గిన్నెలన్నీ మసి పట్టినయి. తోమలేక చేతులు గుంజుతున్నయి." చలికాలం రెండు నెలలు కామారెడ్డిలో మా దగ్గరుండి, సంక్రాంతి దాటినంక ఇల్లు చేరింది. చేరిన మర్నాటి నుంచే ఈ గోల.

ఆదివారం పొద్దున బస్సెక్కాను. సంచిలో ఒక స్క్రూడ్రైవర్, టార్చి, పాత పళ్ల బ్రష్షు. లింగంపేట దాటేదాకా నా అనుమానమంతా కిందటేడు వచ్చిన రిపేరు ఆటో మీదే. "గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తం, కుక్కర్లు బాగుచేస్తం" అని మైకులో అరుచుకుంటూ తిరిగే ఆటో ఒకటి ఆగితే, అందులోని అతను అమ్మ పొయ్యి జెట్టులో సూది గుచ్చి గిరగిరా తిప్పాడు. పంపు స్టవ్వుల కాలం నాటి అలవాటు అది. కిరసనాయిలు స్టవ్వుకు పిన్ను పెట్టని ఇల్లు ఉండేది కాదు. గ్యాస్ జెట్టు సంగతి వేరు. ఇత్తడి ముక్కలో కొలిచి వేసిన సన్నటి రంధ్రం అది. సూదితో వెడల్పయితే గ్యాస్ ఎక్కువ దూకుతుంది, దానికి సరిపడా గాలి అందదు. మంట పచ్చబడుతుంది, మసి కడుతుంది.

రెగ్యులేటర్ ఆపి, బండ నుంచి తీసేసి, పొయ్యి చల్లగా ఉందని చూసుకుని బోర్లించాను. జెట్టు కొత్తదానిలాగే ఉంది. అంటే ఆటో అతని మీద అనవసరంగా గంటసేపు కోపం పెట్టుకున్నాను. బర్నర్ కిందికి పోయే గొట్టంలోకి టార్చి కొడితే సంగతి తేలింది. సగం దాకా మట్టి! కుమ్మరి పురుగు తీరిగ్గా గూడు కట్టుకుంది. పుల్లతో మెల్లగా రాలిస్తే మట్టి పెంకుల్లోంచి నాలుగు ఎండిన పచ్చ పురుగులు కూడా పడ్డాయి, దాని పిల్లల కోసం దాచిన తిండి.

"నేను లేనని చూసి ఇదొచ్చి కాపురం పెట్టిందా" అంది అమ్మ.

ఆ గొట్టమే పొయ్యికి ఊపిరి. జెట్టులోంచి గ్యాస్ వేగంగా దూకుతూ, పక్క సందులోంచి గాలిని తనతో లాక్కుపోతుంది. రెండూ గొట్టంలో కలిసి బర్నర్ చేరితే మంట నీలంగా, గట్టిగా నిలబడుతుంది. గాలి తగ్గితే పూర్తిగా కాలని కార్బన్ రేణువులు వేడికి పచ్చగా మెరుస్తాయి. అవే గిన్నె అడుగున మసి. మసి తోముకుంటే పోతుంది, దానితోపాటు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు మాత్రం రంగూ లేదు, వాసనా లేదు.

ఇదంతా చెబితే అమ్మ తీసిపారేసింది. "ఊదుగొట్టమే కదా! ఇప్పుడు గ్యాసే ఊదుకుంటుందన్నట్టు." 1999లో దీపం పథకం వచ్చినప్పుడు మహిళా సంఘంలో ఉన్నందుకు ఆమెకు కనెక్షన్ వచ్చింది. అంతకుముందు పాతికేళ్లు కట్టెల పొయ్యి ముందు ఊదిన మనిషి. ఆమె చెప్పిన దానికంటే సూటిగా నేను చెప్పలేను.

బర్నర్లను చింతపండుతో ఆమే తోమింది, ఇత్తడి చెంబును తోమినట్టే. ఎండలో ఆరబెట్టాం. తడి మిగిలితే మంట పటపటలాడుతుంది. నారింజ రంగు పైపుకు అమ్మ పాత చీర ముక్క చుట్టి ఉంచింది, జిడ్డు పట్టకుండానట. విప్పి, వంచి చూశాను. పగుళ్లు లేవు గానీ కొని అయిదేళ్లు కావస్తోంది, మార్చాలి. ఆ గుడ్డ మళ్లీ చుట్టొద్దన్నాను, కింద పగులొచ్చినా కనిపించదు. బండ మెడ దగ్గరి పట్టీ లోపలివైపు సి-27 అని ఉంది. 2027 జులై, సెప్టెంబర్ మధ్య దాన్ని మళ్లీ పరీక్షించాలని అర్థం. అన్నీ బిగించి అతుకుల మీద సబ్బు నురగ రాశాను. బుడగ లేవలేదు.

సాయంత్రం డాలస్ నుంచి బిడ్డ వీడియో కాల్. వాళ్లు కొన్న ఇంట్లో గ్యాస్ లాగ్ హీటర్ ఉంది. సిరామిక్‌తో చేసిన కట్టెలు, వాటి మధ్య గ్యాస్ మంట. "బాపూ, కట్టెలు నల్లగైతున్నయి. చూడ్డానికి మంచిగుంటదని ఒకటి పక్కకు జరిపిన, అందుకేనా?"

"అవి కాలని కట్టెలా? మరెందుకు పెట్టుకున్నరు?" అమ్మ.

కట్టెల మంటలా కనబడాలనే అక్కడ మంటను పచ్చగా ఉంచుతారు. మేము పొద్దంతా కూర్చుని వదిలించుకున్న రంగును వాళ్లు కొనుక్కున్నారన్న మాట. కాకపోతే ఆ పచ్చమంట కట్టెకు తగలకూడని చోట తగిలితే మసే. అందుకే ఏ కట్టె ఎక్కడుండాలో కంపెనీ పుస్తకంలో బొమ్మ గీసి ఇస్తుంది. ఆ బొమ్మ చూసి సర్దమన్నాను. చల్లారాక మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపమని, పైలట్ మంటకు గాలి పోయే చిన్న రంధ్రంలో సాలెగూడు ఉందేమో చూడమని చెప్పాను. పొగగొట్టం ఉన్న రకమైతే దాని తలుపు తెరిచి ఉండాలి. లేని రకమైతే గదిలో ఆక్సిజన్ 18 శాతం దాకా పడిపోగానే మంటను ఆపే సెన్సర్ ఉంటుంది. అది ఊరికే ఆపుతోందని విసుక్కుని దాని జోలికి పోవద్దన్నాను. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ కూడా చూడమన్నాను. ఇన్ని చెప్పి, చివరికి "మెకానిక్‌ను పిలువు బిడ్డా, అప్పటిదాకా వెలిగించకు" అన్నాను. ఎల్లారెడ్డి వంటింట్లో కూర్చుని డాలస్ హీటర్‌కు అంతకంటే చేయగలిగింది లేదు.

మొన్న అమ్మ మళ్లీ మా దగ్గరికి వచ్చింది. పొయ్యి సంగతేమిటని అడిగాను. బోర్లించి, పాత చీరలో మూటగట్టి, మూడు ముళ్లు వేసి వచ్చిందట.