బొమ్మ పలుకునా?

చిత్రమును కంటితో చూతుము. నాదమును చెవితో విందుము. కంప్యూటరులోని ఛాయాచిత్రమును ధ్వనిగా మార్చి వినిపించు ప్రయోగములు నేడు విరివిగా సాగుచున్నవి. వీనిలో కళ యెంత, కనికట్టు ఎంత? మేము సంగీత శాస్త్రము నేర్చినవారము కాము. కచేరీ యనిన మాకు దస్త్రముల కచేరీయే గాని పాటకచేరీ కాదు. అయినను విన్నంతలో మాకు తోచినది విన్నవించుచున్నాము.

మూలమున ఇది కొత్త సంగతి కాదు. మా చిన్నతనమున హోసూరు ప్రాంతపు టూరింగు టాకీసులలో ఆపరేటరు పారవేసిన ఫిల్ముముక్కలను ఏరుకొనెడివారము. బొమ్మల ప్రక్కన రంపపు పండ్లవంటి తెల్లని గీత యొకటి కనబడెడిది. అదియే ఘంటసాలవారి గానమని తెలిసి విస్తుపోతిమి. దీపకాంతి ఆ గీతగుండా సాగి, విద్యుత్తుగా మారి, స్పీకరులో పాటయై వినబడెడిది. కెనడాలో నార్మన్ మెక్లారెన్ 1971లో తీసిన 'సింక్రోమీ' చిత్రమున ఇట్టి ధ్వనిచారలనే రంగులతో తెరపై నిలిపెను. అందు కంటికి కనబడునదే చెవికి వినబడును.

నేటి పద్ధతులలో ప్రసిద్ధమైనది ఇది: చిత్రమును ఎడమనుండి కుడికి నడపుదురు. ఎత్తుననున్న చుక్క తారస్థాయిలోను, దిగువనున్నది మంద్రస్థాయిలోను పలుకును. వెలుగు హెచ్చినకొలది ధ్వని హెచ్చును. పీటర్ మైయర్ 1992లో అంధుల ఉపయోగార్థము ప్రకటించిన పద్ధతి ఇట్టిదే. 2020లో నాసావారు పాలపుంత నడిబొడ్డు చిత్రమును ఇట్లే వినిపించిరి. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు ధరించిన 'చంద్ర' దూరదర్శిని తీసిన చిత్రమును అందు చేరినది. నక్షత్రములు విడివిడి స్వరములై, వాయుమేఘములు శ్రుతివలె సాగినవి.

దీనికి భిన్నమైనది 'ఆఫెక్స్ ట్విన్' అను వాద్యకారుని పని. ఆయన 1999లో ఒక రచన ధ్వనిలో ముఖచిత్రమును దాచెను. ధ్వనిని బొమ్మగా చూపు యంత్రమున ముఖము కనబడును. విన్నవానికి గరగర మాత్రమే దక్కును. ఇది చమత్కారమే, కాని చెవికి పెట్టిన విందు కాదు.

మా మనుమడు సంక్రాంతినాటి మా వాకిటి ముగ్గును ఫోటో తీసి, పైపద్ధతినే ధ్వనిగా మార్చి వినిపించెను. కుడియెడమలు సరిగా కుదిరిన ముగ్గది. ఆ పొందికను కన్ను క్షణములో పట్టును. ధ్వనిలోనో, రెండవ సగము మొదటి సగమును వెనుకనుండి పాడినట్లు వచ్చును. మా చెవికి ఆ రెండును సంబంధము లేని నాదములుగా తోచినవి. ముగ్గు పోయి ఈల మిగిలినది.

కావున ధ్వని బొమ్మలో లేదు. బొమ్మకును చెవికిని నడుమ కుదిరిన ఒప్పందములో ఉన్నది. ఆ ఒప్పందమును శ్రోతకు తెలిపి, కన్ను లేనివానికి సైతము చిత్రములోని దేనినో అందించినది కళ. నియమమును దాచి రొదను వినిపించునది కనికట్టు. ఇది మా తూనికరాయి.

పిదప వాడు మా తల్లిగారు వ్రాసిన పాత జాబును ఫోటో తీసి యంత్రమునకిచ్చెను. అదియు ఈల వేసినది. కృష్ణగిరిలో తమిళమున, ఆంగ్లమున చదివిన మా మనుమడు తెలుగు చక్కగా మాటలాడును, చదువలేడు. "దీనిలో ఏముంది తాతా?" అని అడిగెను. మేము చదివి వినిపించితిమి: రాగిచేను బాగున్నదట, పిల్లవాని దగ్గు తగ్గినదా యని అడిగినారు.

బొమ్మను ధ్వనిగా మార్చు విద్యలలో మిక్కిలి పాతది అక్షరము. దాని ఒప్పందము మరచిన యింట తాతల జాబులన్నియు ముగ్గులే. ఆ రాత్రి వాడు మా వ్రేలి వెంట కన్ను నడపుచు 'దగ్గు' అను మాటను కూడబలుకుకొని చదివెను. అందు మా తల్లిగారి గొంతు కొంత వినబడినది.