రొయ్యకు ఏ అధ్యాయం?

రొయ్యను ఉడికించారు, సరే. పొట్టు తీశారా, ఉంచారా? నా పనిలో మొదటి ప్రశ్న ఇదే. పొట్టుతోనే ఆవిరి మీదో నీళ్లలోనో ఉడికిస్తే సుంకాల పుస్తకంలో అది ఇంకా 3వ అధ్యాయపు రొయ్యే, 0306. ఒలిచి ఉడికిస్తే 16వ అధ్యాయానికి, 1605కి వెళ్లిపోతుంది. పచ్చి రొయ్యకు బ్రెడ్ పొడి పట్టించినా అక్కడికే, అది పొయ్యి మొహం చూడకపోయినా సరే. తినేవాళ్లకు ఇదంతా చాదస్తం. విశాఖ నుంచి వెళ్లే వనామీ కంటెయినర్లకు కాగితాలు రాసే మాకు మాత్రం అవతలి రేవులో కట్టాల్సిన సుంకం ఇక్కడే తేలుతుంది.

ఈ కోడ్‌లు బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థవి, 1988 నుంచి అమల్లో ఉన్నాయి. మొదటి ఆరు అంకెలు అందరికీ ఒకటే. ఆ తర్వాత ఎవరి గీతలు వాళ్లవి: మనకు మొత్తం ఎనిమిది, అమెరికాకు పది.

కలగలుపు వంటకాలు వచ్చేసరికి తూకం కావాలి. ఫ్రోజెన్ రొయ్యల బిర్యానీ తీసుకోండి. అందులో రొయ్య బరువు 20 శాతం దాటితే 16వ అధ్యాయం. దాటకపోతే అది వండిన అన్నం, 1904. అదే రొయ్యను మోమోలో కూరితే ఈ తూకం పనిచేయదు. ఎంత కూరినా అది పాస్తా వరుసలో, 1902లో కూర్చుంటుంది. ఎందుకని అడగొద్దు, అధ్యాయం నోట్‌లోనే ఆ మినహాయింపు ఉంది. అందుకే నేను డబ్బా మీది పేరును నమ్మను. ప్లాంటుకు ఫోన్ చేసి, ఏది ఎంత వేశారు, ఏది ముందు వేశారు అని అడుగుతాను. వంటవాడు చెప్పినంత సూటిగా మార్కెటింగ్ వాళ్లు చెప్పరు.

ముందేది, వెనకేది అన్నది ఉత్త ఆరా కాదు. అమెరికాలో గాలి చొరబడని ప్యాకింగులో వచ్చే ట్యూనాకు నూనె ఉంటే సాధారణ సుంకం 35 శాతం. నూనె లేకపోతే కోటాలో 6, కోటా దాటితే 12.5. డెల్ మాంటే కంపెనీ థాయ్‌లాండ్ నుంచి తెప్పించిన ట్యూనా పౌచ్‌లలో సాస్ ఉంది, ఆ సాస్‌లో కాస్త పొద్దుతిరుగుడు నూనె ఉంది. ఇది నూనెలో నిల్వచేసిన చేప ఎలా అవుతుందని కంపెనీ కోర్టుకెళ్లింది. అమెరికా టారిఫ్‌లోని అదనపు నోట్ మాత్రం నూనెను ప్యాకింగప్పుడు కలిపినా అంతకుముందే కలిపినా ఒకటే అంటుంది. 2013లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు 35 శాతాన్నే ఖాయం చేసింది. 2022లో స్టార్‌కిస్ట్ ట్యూనా సలాడ్ గతీ అంతే. దాన్ని పట్టించింది మయోనైజ్‌లోని నూనె. తమది సన్నగా తరిగిన చేప అన్న వాదన కూడా నిలవలేదు.

నోట్ చదివితే తీర్పులు సరైనవే. రేటే అన్యాయం. ఒక చెంచా నూనెకు చేప మొత్తం మీద మూడో వంతుకు పైగా వసూలు చేయడం అక్కడి క్యానరీలకు కంచె కట్టడమే తప్ప మరోటి కాదు. అయినా ఈ పని నాకిష్టం. వంటకాన్ని ఇంత శ్రద్ధగా విప్పి చూసేవాళ్లు వంటింట్లో కూడా తక్కువ.

ఈమధ్య రొయ్యల పచ్చడిని అమెరికాకు అమ్ముదామనుకునే చిన్న సంస్థలు నన్ను అడుగుతున్నాయి. వాళ్లకు నేను చెప్పేదొక్కటే. రొయ్య 20 శాతం దాటిందా లేదా ముందు తూచుకోండి. దాటితే పచ్చడి అని రాసి కూరగాయల ఊరగాయల కోడ్ వేయకండి, అది 1605. ఇంకా అనుమానం ఉంటే సరుకు ఓడెక్కకముందే పదార్థాల శాతాలు, తయారీ విధానం రాసి అమెరికా కస్టమ్స్‌ను రూలింగ్ అడగండి. వాళ్లిచ్చిన జవాబుకు వాళ్లే కట్టుబడతారు. దానికి ఫీజు కూడా లేదు.